పూసల నగ కళాఖండం ఎప్పుడవుతుంది?

ప్రశ్న (సూదిమొన)

నేను 9 ఏళ్లుగా చిట్టి గాజుపూసలతో నగలు అల్లుతున్నాను. ఈ మధ్య ఒక కళాప్రదర్శనకు నా కంఠాభరణం ఫోటోలు పంపితే, ‘పనితనం బాగుంది, అయితే ఇది హస్తకళ’ అని ఒక్క వాక్యం రాసి తిరస్కరించారు. నెర్రెలిచ్చిన నేలను మనసులో పెట్టుకుని, మట్టిరంగు పూసలతో 4 నెలలపాటు అల్లిన నగ అది. నెర్రెల కోసం పియోటే అనే పూసల కుట్టుతో వేసిన అల్లికను అక్కడక్కడ రెండు పాయలుగా చీల్చి, పది పన్నెండు వరుసలు విడివిడిగా నడిపి, మళ్లీ కలిపాను. అడిగినవారికి చేసిపెట్టే నగలకూ దీనికీ తేడా ఉందని నా చేతికి తెలుస్తోంది గానీ, ఆ తేడాను మాటల్లో పెట్టలేకపోతున్నాను. పూసల నగ కళ ఎప్పుడవుతుందని మీరు అనుకుంటున్నారు?

జవాబు (రెండుపేటలు)

తేడా మీ ప్రశ్నలోనే ఉంది. నెర్రెలను నల్లపూసలతో గీతలుగా చూపించి ఉంటే అది నేల బొమ్మ ఉన్న నగ అయ్యేది. మీరు అల్లికనే చీల్చారు కాబట్టి నగే నేల అయింది. పియోటే కుట్టులో ప్రతి పూసా కింది వరుసలోని రెండు పూసల మధ్య సందులో, గోడలో ఇటుకలాగా కూర్చుంటుంది. ఒక సందులో ఒక పూసకు బదులు రెండు పూసలు పెడితే అక్కడ అల్లిక వెడల్పై అలలుగా లేస్తుంది, పూస తగ్గిస్తే ముడుచుకుంటుంది. ఈ పెంచడం, తగ్గించడం, చీల్చడం మీరు చెప్పదలచిన విషయం వల్లే జరిగితే దాన్ని కళ అనడానికి నాకు సంకోచం లేదు.

1948లో పుట్టిన అమెరికన్ కళాకారిణి జాయిస్ స్కాట్ ప్రధానంగా ఈ కుట్టుతోనే, జాతివివక్షను, హింసను మెడలో వేసుకునే నగలుగా మలిచారు. దూరానికి మెరుపే కనిపిస్తుంది. చూడముచ్చటగా ఉందనుకుంటూ దగ్గరికి వెళ్లినవారికి అక్కడున్నది ఏమిటో తెలిసి అడుగు ఆగిపోతుంది. అదే విషయాన్ని గోడకు తగిలించిన చిత్రంలో చూడటం వేరు, ఒక మనిషి దాన్ని ఒంటిమీద మోస్తుండగా చూడటం వేరు. 2016లో ఆమెకు, అమెరికాలో సృజనాత్మక కృషికి ఇచ్చే పేరున్న పురస్కారం మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. నగ కాకపోయినా, మరో అమెరికన్ కళాకారిణి లైజా లూ చేసిన ‘కిచెన్’ కూడా గుర్తుకు వస్తుంది: 1991 నుంచి 1996 దాకా ఒక్కొక్క పూసా అంటించి, నిలువెత్తు వంటగదిని నిర్మించారామె.

జవాబు (పాతసూది)

హస్తకళ అన్న మాటను తిట్టుగా ఎందుకు తీసుకోవాలో నాకు అర్థం కాదు, అయితే దాన్ని తిట్టులా వాడిన తీరు నాకూ నచ్చలేదు. పై జవాబులో ఒక లోటుంది: నగ అన్నాక ఒంటిమీద నిలవాలి. భావం ఎంత గొప్పదైనా, అల్లిక బిగుసుకుపోయి మెడ దగ్గర అట్టముక్కలా నిలబడితే, బరువంతా కొక్కెం మీద పడి దారం తెగితే, ఆ భావం అక్కడితో సరి. నేను ఒకసారి లోహపు పూత పూసలతో వెడల్పాటి పట్టెడ అల్లాను. ఒక్క వేసవి చెమటకు పూత పోయి, మెడకు తగిలే వైపు బోడి గాజు బయటపడింది. పూసను ఎంచుకోవడంలో రంగుతో పాటు ఆ రంగు దేనివల్ల వచ్చిందో కూడా చూడాలని అప్పుడు తెలిసింది. గాజులోనే కలిసిన రంగుకు ఆ భయం లేదు.

జవాబు (గాజుగింజ)

ఒక చిన్న సందేహం. ఫోటో ఎలా తీశారు? తెల్లగుడ్డ మీద పరిచి తీస్తే ఏ నగైనా అమ్మకపు పట్టికలోని వస్తువులాగే కనిపిస్తుంది.

సూదిమొన

పరిచే తీశాను. మీ మాట చదివాక నగను మెడలో వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. బల్లమీద పరిస్తే చీలికల అంచులు దగ్గరగా వచ్చి సన్నని గీతల్లా మూసుకుపోతున్నాయి; భుజం వంపు మీదికి రాగానే నోళ్లు తెరుస్తున్నాయి, తల తిప్పినప్పుడు ఇంకాస్త విచ్చుకుంటున్నాయి. ఎంపిక చేసినవారు చూసిన ఫోటోలో నెర్రెలే లేవన్నమాట.