సూప్ మేకర్ కొనొచ్చా, లేక కుక్కరూ హ్యాండ్ బ్లెండరూ చాలా?

చలిదేశం_రీడింగ్:
అందరికీ నమస్తే. మేం యూకేలో రీడింగ్‌లో ఉంటాం, ఇద్దరికీ ఆఫీసులున్నాయి. నవంబర్‌లో మా అమ్మ విజిటర్ వీసా మీద వస్తోంది, ఆరు నెలలు ఉంటుంది. ఈ మధ్యే కట్టుడు పళ్లు పెట్టించుకుంది, గట్టివి నమల్లేదు, దానికి తోడు ఇక్కడి చలి. మధ్యాహ్నం వేడిగా ఏదైనా తాగితే బాగుంటుందని మా ఆలోచన, కానీ ఆ టైంలో ఇంట్లో తనొక్కతే ఉంటుంది. అసలు తలనొప్పి మా ఇండక్షన్ స్టవ్‌తో: అన్నీ టచ్ బటన్లు, వేలు తడిగా ఉంటే పలకవు, చైల్డ్ లాక్ పడిందంటే నాకే ఐదు నిమిషాలు పడుతుంది. జీవితమంతా గ్యాస్ మీద వండిన మనిషి, పోయినసారి వచ్చినప్పుడు దాని దగ్గరికే పోలేదు.

ఎలక్ట్రిక్ సూప్ మేకర్ అయితే ఒక్క బటన్ నొక్కితే సరిపోతుందని ఆఫీసులో ఒకావిడ చెప్పింది. 1.6 లీటర్లది 50 పౌండ్ల దగ్గర కనిపిస్తోంది. మా ఆవిడేమో "రైస్ కుక్కర్, మిక్సీ, గ్రైండర్, ఎయిర్ ఫ్రయర్ అయ్యాయి, ఇక మనం బయట నిలబడి వండుకోవాలి" అంటోంది. యూట్యూబ్‌లో చూస్తే ప్రతివాళ్లూ బ్రహ్మాండం అంటున్నారు, వాళ్లకి ఫ్రీగా వచ్చిందేమో తెలీదు. నిజంగా వాడుతున్నవాళ్లు చెప్పండి: పప్పుచారు, టమాటా చారు లాంటివి అందులో అవుతాయా? చికెన్ సూప్ సంగతేంటి? కరెంటు ఎంత లాగుతుంది?

లెస్టర్_అక్క:
మా ఇంట్లో ఉంది, చలికాలంలో వారంలో చాలా రోజులు పనిచేస్తుంది, అందుకని కాస్త వివరంగా రాస్తాను. ముందు అది ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలిస్తే సగం ప్రశ్నలు పోతాయి. అడుగున హీటర్, పైన మూతలో మోటారు, మూత నుంచి కిందికి దిగే కడ్డీ చివర బ్లేడు, అంతే. నీళ్లు, ముక్కలు కలిపి మరిగిస్తుంది, మధ్యమధ్యలో తిప్పుతుంది, మెత్తటి సూప్ అయితే ఇరవై నిమిషాలకి కాస్త అటూ ఇటూగా, ముక్కలున్నదైతే అరగంట లోపు అయిపోయి బీప్ కొడుతుంది. అందులో ప్రెషర్ లేదు, మామూలు మోడల్‌లో వేయించడమూ ఉండదు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

ప్రెషర్ లేదు కాబట్టి కందిపప్పు ఉడకదు. నానబెట్టి వేసినా పలుకు పలుకుగానే ఉంటుంది, బ్లేడు దాన్ని రవ్వలా చేస్తుంది, అది ఇంకా ఘోరం. పైగా టమాటా, చింతపండు కూడా వేశారంటే ఆ పులుపుకి పప్పు అసలే మెత్తబడదు. మైసూరు పప్పు మాత్రం హాయిగా ఉడుకుతుంది. గుప్పెడు మైసూరు పప్పు, రెండు క్యారెట్లు, ఒక టమాటా, చిన్న అల్లం ముక్క, పసుపు, ఇంతే మా ఇంట్లో ఎక్కువగా చేసేది. అల్లం సన్నగా తరిగి వేయండి, లేకపోతే పీచు బ్లేడుకి చుట్టుకుంటుంది.

పచ్చి చికెన్ వేయొద్దు. చాలా కంపెనీలు మాన్యువల్‌లోనే రాస్తాయి, మాంసం ముందే ఉడికించి వేయమని. ఆదివారం కూరకి తెచ్చినదాంట్లో నాలుగు ముక్కలు ఉడికించి పక్కన పెట్టుకుంటే చాలు. రాజ్మా కూడా పచ్చిది వద్దు, అది నానబెట్టి గట్టిగా మరిగించకపోతే కడుపుకి ప్రమాదం, డబ్బాలో వచ్చేది వాడుకోండి. పాలు, క్రీమ్ చివర్లో కలపాలి, మొదటే పోస్తే అడుగంటుతాయి. బంగాళాదుంప ఎక్కువైనా అంతే, పిండంతా కిందికి దిగి హీటర్ మీద పేరుకుంటుంది, మెషీన్ మధ్యలో ఆగిపోతుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. లోపల మినిమం, మాక్సిమం అని రెండు గీతలుంటాయి. 1.6 లీటర్ల వాటిలో మినిమం గీత కూడా లీటరు పైనే, అంటే ఒక్కరికి ఒక గిన్నెడు చేసుకోవడం కుదరదు. అమ్మ ఒక్కతే తాగాలంటే లీటరుది చూడండి.

మిక్సీ_మహారాజు:
నేను మాత్రం వద్దనే అంటాను. కుక్కర్‌లో కూరగాయలు, పప్పు కలిపి మూడు విజిల్స్, ఆవిరి పోయాక హ్యాండ్ బ్లెండర్ అందులోనే పెట్టి తిప్పితే అయిపోయింది. హ్యాండ్ బ్లెండర్ 15, 20 పౌండ్లకి వస్తుంది, డ్రాయర్‌లో పడుకుంటుంది, చట్నీకి, మజ్జిగకి కూడా పనికొస్తుంది. రుచి కూడా మనది మనకి వస్తుంది, ఎందుకంటే ఉల్లిపాయ, వెల్లుల్లి వెన్నలో వేగకపోతే ఆ సూప్ ఆసుపత్రిలో పెట్టే జావలాగే ఉంటుంది, ఎన్ని మూలికలు చల్లినా సరే. మామూలు మిక్సీలో మాత్రం మరుగుతున్నది పోయకండి, ఆవిరికి మూత ఎగిరిపడి మీదకి చిమ్ముతుంది.

వేయించే సదుపాయం ఉన్న సూప్ మేకర్లూ, వేడి చేసే బ్లెండర్లూ ఉన్నాయి కానీ రేటు ఆ మేరకి పెరుగుతుంది, గాజు జార్ అయితే బరువు కూడా.

లెస్టర్_అక్క:
మహారాజు గారూ, మీరన్నది వంట వచ్చి, స్టవ్ ముందు నిలబడేవాళ్లకి కరెక్టే. కానీ ఆయన బాధ స్టవ్ గురించే కదా, మీ కుక్కర్ పెట్టేది కూడా ఆ ఇండక్షన్ మీదే కదండీ. రుచి సంగతికొస్తే, నేను జీలకర్ర, మిరియాలు, ఇంగువ నేతిలో వేయించి చిన్న సీసాలో పెట్టుకుంటాను, సూప్ గిన్నెలోకి తీశాక అర చెంచా వేస్తే ఆ జావ వాసన పోతుంది. మళ్లీ రోజూ పోపు పెట్టాలంటే కష్టం, మన చిన్న పోపు గరిటెని ఇక్కడి ఇండక్షన్ గుర్తే పట్టదు, అడుగు మరీ చిన్నదని.

లెక్కల_మావయ్య:
కరెంటు గురించి అడిగారు. 1000 వాట్లది 20 నిమిషాలు ఆగకుండా లాగినా యూనిట్‌లో మూడో వంతు. యూనిట్ పాతిక పెన్నీలు అనుకుంటే ఎనిమిది పెన్నీలు. నిజానికి అంత కూడా కాదు, మరిగాక హీటర్ ఆగి ఆగి పనిచేస్తుంది. కాబట్టి కరెంటు వైపు నుంచి లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఇండియా నుంచి తెప్పించుకుందామనుకుంటే వోల్టేజ్ ఒకటే, ప్లగ్ మారుతుంది. అమెరికాలో ఉన్న మన చుట్టాలకి మాత్రం ఇక్కడిది పంపకండి, అక్కడ 120 వోల్టులు, సూప్ కాదు కదా నీళ్లు కూడా సరిగ్గా కాగవు.

నైట్‌డ్యూటీ_నర్సు:
అమ్మగారికి బీపీ ఉందా? ఉంటే స్టాక్ క్యూబ్ (సూప్‌లో రుచి కోసం వేసే బిళ్ల) విషయంలో జాగ్రత్త. ఆ మెషీన్‌తో వచ్చే రెసిపీ పుస్తకాల్లో మాటిమాటికీ స్టాక్ క్యూబ్ వేయమంటారు, చాలా క్యూబుల్లో ప్రధానంగా ఉండేది ఉప్పే. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 6 గ్రాములు దాటొద్దని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది, అంటే సుమారు ఒక టీస్పూను. ఒట్టి నీళ్లతో చేసి, గిన్నెలో వేసుకున్నాక ఉప్పు చూసుకోవడం మేలు.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. సూప్ ఉడికాక ఆ మెషీన్ జగ్గు ఆవిడ ఎత్తగలరా? నిండుగా ఉంటే బరువుంటుంది, మూత తీసేటప్పుడు మోటారంతా మూతలోనే ఉంటుంది కాబట్టి ఆ మూత కూడా బరువే, బ్లేడు నుంచి మరిగే సూప్ బొట్లుబొట్లుగా కారుతుంది. పక్కన ఒక పళ్లెం పెట్టుకుని మూత అందులో పెట్టమనండి, జగ్గు వంచకుండా గరిటెతో తోడుకోమనండి. కీళ్లనొప్పులు ఉంటే ఈ మాట మరీ ముఖ్యం.

అసలు మీరు పొద్దున్నే చేసి మంచి ఫుడ్ ఫ్లాస్క్‌లో పోసి వెళ్లడం గురించి ఆలోచించారా? ముందు ఫ్లాస్క్‌లో మరిగే నీళ్లు పోసి కాసేపు ఉంచి, పారబోసి, అప్పుడు పొగలు కక్కే సూప్ నింపితే మధ్యాహ్నానికి వేడిగానే ఉంటుంది.

చలిదేశం_రీడింగ్:
అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. బీపీ ఉంది, మాత్ర వేసుకుంటుంది, ఉప్పు మాట మా ఆవిడకి కూడా చూపించాను. ఫ్లాస్క్ ఐడియా బాగుంది కానీ అమ్మ సంగతి మీకు తెలీదు, ఎవరో వండిపెట్టి వెళ్తే తినదు, "నేనేమన్నా రోగినా" అంటుంది. తన చేత్తో నాలుగు ముక్కలు తరిగి వేసుకుంటే గానీ తిన్నట్టుండదు తనకి. అందుకే ఈ ఒక్క బటన్ మీద ఆశ. కడగడం ఎలా? సింక్‌లో పెట్టేస్తుందేమోనని భయంగా ఉంది.

లెస్టర్_అక్క:
సింక్‌లో ముంచొద్దు, అది గట్టిగా చెప్పండి. జగ్గు పిడి దగ్గర మూతకి కరెంటు అందే కనెక్షన్ ఉంటుంది, అక్కడ తడి తగలకూడదు. చాలావాటిని డిష్‌వాషర్‌లో కూడా పెట్టకూడదు. సూప్ తోడేసిన వెంటనే వేడినీళ్లు, ఒక చుక్క సబ్బు వేసి బ్లెండ్ నొక్కితే చాలావరకు అదే వదులుతుంది, తర్వాత అడుగున మెత్తటి స్పాంజితో తుడవాలి. ఎండిపోయేదాకా వదిలేస్తే మాత్రం ఆ పెచ్చు గీకలేక చస్తాం. కొన్నింటిలో మూత లోపల చిన్న సెన్సార్ ఉంటుంది, పొంగితే ఆపడానికి. దాని మీద సూప్ అంటుకుని ఉంటే ఊరికే ఆగిపోతూ ఉంటుంది, అదీ తుడవాలి.

లెక్కల_మావయ్య:
ఇప్పుడే కొనకండి. అమ్మగారు దిగాక ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టండి. ఇక్కడ ఆన్‌లైన్‌లో కొన్నవి చేతికందాక 14 రోజుల్లోపు వద్దని చెప్పే హక్కు ఉంది, 2013 నాటి రూల్స్ అవి. కాకపోతే బాగా వాడేసి పంపితే డబ్బులో కోత పెట్టొచ్చు, కాబట్టి సూప్ చేయకముందే ఖాళీ జగ్గు ఎత్తించి, మూత తీయించి, బటన్ల మీద అక్షరాలు ఆవిడకి కనిపిస్తున్నాయో లేదో చూడండి, కుదరకపోతే తిప్పి పంపండి. లేదంటే జనం దానమిచ్చిన వస్తువులు అమ్మే చారిటీ షాపుల్లో వెతకండి, జనవరి తర్వాత ఇలాంటివి కొత్తవాటిలాగే ఉండి సగం ధర కంటే తక్కువకి దొరుకుతుంటాయి, క్రిస్మస్‌కి ఎవరో ఇచ్చినవి.

మిక్సీ_మహారాజు:
సరే, ఇంట్లో స్టవ్ ముట్టుకోని మనిషి ఉన్నప్పుడు కొనొచ్చు, ఒప్పుకుంటాను. లీటరుదే కొనండి. మీ ఇద్దరి కోసం అయితే మాత్రం అక్కర్లేదు.

చలిదేశం_రీడింగ్:
లీటరుదే చూస్తున్నా. అమ్మ వచ్చాకే ఆర్డర్, మా ఆవిడ కూడా ఓకే అంది, ఎయిర్ ఫ్రయర్ బీరువా పైకి ఎక్కించాలన్న షరతు మీద. చివరగా ఒక్కటి, ఉలవచారు లాంటిది అందులో అవుతుందా? అమ్మ ఫోన్‌లో మొదట అడిగింది అదే.

లెస్టర్_అక్క:
అవ్వదు. ఉలవలు రాత్రంతా నానాలి, కుక్కర్‌లో చాలాసేపు ఉడకాలి, ఆ నీళ్లు వంచి చిక్కబడేదాకా మరిగించాలి, మూత మూసి ఉండే మెషీన్‌లో చిక్కబడటం ఎక్కడిది? శనివారం మీరే ఇండక్షన్ మీద చేసి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టండి, మైక్రోవేవ్‌లో వేడి చేసుకుంటారు. మైక్రోవేవ్ బటన్లు మాత్రం నొక్కేవే కదా?