పన్ను తీసిన రోజే బోన్ గ్రాఫ్ట్ వేయించాలా, లేక బిల్లు పెంచే ఎత్తా?

పేట చిన్నోడు:
అమ్మకి పైన ముందు వరసలో, కోరపన్ను పక్కనున్న పన్ను వేరు నిలువునా చీలింది. తీసేయాల్సిందే అన్నారు, అంతవరకు పేచీ లేదు. తీయగానే ఆ గుంతలో ఎముక పొడి నింపి, పైన పొర కప్పి కుట్టేస్తారట. లేకపోతే దవడ ఎముక కరిగిపోయి రేపు ఇంప్లాంట్‌కి (ఎముకలో స్క్రూలా బిగించి పైన పెట్టే కృత్రిమ పంటికి) చోటుండదంటున్నారు. అందుకు విడిగా 14,000. మా బాబాయి మాత్రం "మా రోజుల్లో పన్ను పీకి దూది పెట్టి పంపేవాళ్ళు, ఇప్పుడు గుంత పూడ్చడానికీ డబ్బులేనా" అంటున్నాడు. అమ్మకి 58, షుగర్ ఉంది, మందులతో అదుపులోనే ఉంది. ఇంప్లాంట్ పెట్టించుకుంటుందా లేదా అన్నది తనే ఇంకా తేల్చుకోలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల మాస్టారు:
బాబాయి గారి మాటలో పస ఉంది. 2021లో కాక్రేన్ వాళ్ళు (వైద్య పరిశోధనల్ని ఒకచోట చేర్చి బేరీజు వేసే సంస్థ) దీని మీద అప్పటిదాకా పేషెంట్ల మీద జరిగిన పరీక్షల్ని కలిపి చూశారు. గ్రాఫ్ట్ వేయనివాళ్ళతో పోలిస్తే, వేసినవాళ్ళలో ఎముక నష్టం వెడల్పులో సగటున 1.2 మిల్లీమీటర్లు, ఎత్తులో 1.3 దాకా తక్కువగా ఉంది. ఆ సాక్ష్యం కూడా చాలా బలహీనం అని వాళ్ళే రాశారు. అసలు సంగతేమంటే, తర్వాత ఇంప్లాంట్ పెట్టేటప్పుడు మళ్ళీ గ్రాఫ్ట్ వేయాల్సి రావడంలో గానీ, ఇంప్లాంట్ నిలవడంలో గానీ తేడా ఉందని తేల్చలేకపోయారు. మిల్లీమీటరు కోసం 14,000 ఎందుకు అని అడగడం తప్పా?

గోదారి డెంటిస్ట్:
మాస్టారూ, అంకెలు సరిగ్గానే చెప్పారు. కానీ ఆ సగటులో దవడ పళ్ళూ ముందు పళ్ళూ కలిసిపోయాయి. నోట్లో ఆ రెండూ ఒకటి కాదు.

ముందు పన్నుకి పెదవి వైపు ఉండే ఎముక గోడ చాలామందిలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దానికి రక్తం ఎక్కువగా పంటిని పట్టి ఉంచే పీచు పొర నుంచే అందుతుంది. పన్నుతోపాటు ఆ పొరా పోతుంది కాబట్టి గోడ తిండి లేక కరిగిపోతుంది. ఏడాది తిరిగేసరికి పళ్ళు నిలిచే ఎముక గట్టు వెడల్పు సుమారు సగం తగ్గుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే. 4 మిల్లీమీటర్ల ఇంప్లాంట్ పెట్టాలంటే రెండు పక్కలా కనీసం ఒకటిన్నర చొప్పున ఎముక కావాలి, అంటే 7. అంచు మీద ఉన్న చోట మీరు కొట్టిపారేసిన ఆ ఒక్క మిల్లీమీటరే తేడా తెస్తుంది. పైగా వేరు నిలువునా చీలిన కేసుల్లో చీలిక పక్కనున్న ఎముక చాలాసార్లు ముందే కరిగిపోయి ఉంటుంది.

దవడ పన్నయితే, నాలుగు గోడలూ గట్టిగా ఉంటే, నేనే వద్దంటాను. రక్తం గడ్డ కట్టి తనంతట తానే నిండుతుంది.

డల్లాస్ తెలుగు:
ఆ చివరి మాట ఇక్కడ నాకెవరూ చెప్పలేదు! కింద దవడ పన్ను తీస్తే అడగకుండానే గ్రాఫ్ట్ వేశారు, ఇన్సూరెన్స్ సగం కూడా కట్టలేదు. ఇంకోటి, ఇక్కడ ఎక్కువగా వాడేది చనిపోయినవాళ్ళు దానం చేసిన ఎముక. ఫారం చదివితే గానీ తెలియలేదు.

తులసికోట:
నేను అడగాలనుకున్నదీ అదే. మా అత్తగారికి గ్రాఫ్ట్ వేశాక డబ్బా మీద 'బోవైన్' అని చూశాం. అంటే ఎద్దు ఎముక! ఆవిడ ఉల్లిపాయ కూడా ముట్టదు. ముందు ఒక్క మాట చెప్పకూడదా?

గోదారి డెంటిస్ట్:
చెప్పి తీరాలి తులసికోట గారూ. బయో-ఆస్ లాంటి ఎముక పొడులు పశువు ఎముకతోనే చేస్తారు. ప్రోటీనంతా తీసేస్తారు, మిగిలేది ఖనిజమే. అయినా ఏ జంతువుదో తెలుసుకునే హక్కు పేషెంట్‌ది. పైన కప్పే కొలాజెన్ పొర చాలావాటిలో పందిది, ముస్లిం కుటుంబాలకి అది మరో ఇబ్బంది. నేను పొడి డబ్బా, పొర ప్యాకెట్ రెండూ బల్ల మీద పెట్టి చూపించాకే సంతకం తీసుకుంటాను. అవి వద్దనేవాళ్ళకి కృత్రిమ కాల్షియం ఫాస్ఫేట్ ఉంది, తీసిన పన్నునే శుభ్రం చేసి పొడి చేసి వాడే పద్ధతీ ఉంది. చేతి నుంచి రక్తం తీసి మిషన్‌లో తిప్పితే వచ్చే జెల్లీ లాంటి పీఆర్‌ఎఫ్ కూడా వాడతారు. చిగురు త్వరగా మానడానికి అది బాగా పనికొస్తుంది, అదొక్కటే ఎముకని నిలబెడుతుందని మాత్రం నేను చెప్పను. (సరదాకి: 1892లోనే జర్మనీలో ఒక సర్జన్ ఎముక గుంతల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపాడు. ఈ పూడికల వ్యాపారం మనకి కొత్తదేం కాదు.)

లెక్కల మాస్టారు:
డాక్టరు గారూ, ముందు పన్ను సంగతి ఒప్పుకుంటా. కానీ ఆవిడ ఇంప్లాంటే వద్దనుకుంటే? పక్క పళ్ళని అరగదీసి వాటి ఆధారంగా కట్టుడు పన్ను, అదే బ్రిడ్జి, కట్టించుకునే మనిషికి ఎముకతో పనేంటి?

గోదారి డెంటిస్ట్:
కింది పంటికైతే పెద్దగా పని లేదు. పై ముందు వరసలో గట్టు లోపలికి పడిపోతే బ్రిడ్జి పన్ను చిగురు మీద ఆనదు, పొడుగ్గా కనిపిస్తుంది. కింద నల్లటి సందు ఉండిపోయి అన్నం మెతుకు ఇరుక్కుంటుంది, 'స', 'ఫ' పలికేటప్పుడు గాలి పోతుంది. అప్పుడు సరిచేయాలంటే అంగిట్లో పైపొర కింది మెత్తటి కణజాలం తీసి ఇక్కడ కుట్టాలి. అతికించిన చోటు కంటే తీసిన చోటే ఎక్కువ సలుపుతుంది, అంగిట్లో కాఫీ కాలినట్టు ఉంటుందని పేషెంట్లు అంటారు. అన్నం చల్లార్చుకుని తినాల్సిన రోజులవి. నవ్వినప్పుడు చిగురు కనిపించని మనిషికి మాత్రం ఇది అంత అవసరం కాదు. పేట చిన్నోడు గారూ, అమ్మగారు నవ్వితే చిగురు కనిపిస్తుందా?

పేట చిన్నోడు:
బాగా కనిపిస్తుందండీ. పక్క పళ్ళు రెండూ గట్టివే, వాటిని అరగదీయడం తనకి ఇష్టం లేదు. స్కాన్ తీయించాం, పెదవి వైపు గోడ సగానికి పైగా లేదట. గ్రాఫ్ట్ వేయించడానికే మొగ్గుతున్నాం. ఒక్క అనుమానం, అమ్మకి ఎముకల బలానికని ఏడాదికోసారి సెలైన్‌లో ఒక ఇంజెక్షన్ ఎక్కిస్తున్నారు. పళ్ళ డాక్టరు అడగలేదు, మేమూ చెప్పలేదు. చెప్పాలా?

గోదారి డెంటిస్ట్:
గ్రాఫ్ట్ సంగతి తర్వాత, ముందు ఇది తేల్చండి. ఏడాదికోసారి ఎక్కించేది చాలావరకు జోలెడ్రోనిక్ యాసిడ్. అది ఎముక అరుగుదలతోపాటు, పాత ఎముక పోయి కొత్తది వచ్చే వేగాన్నీ తగ్గిస్తుంది. అలాంటివాళ్ళలో అరుదుగా పన్ను తీసిన చోట గుంత మానక, ఎముక బయటికి తేలిపోతుంది. ఆస్టియోపోరోసిస్‌కి (ఎముకలు గుల్లబారే జబ్బుకి) ఇచ్చే మోతాదులో ఆ ప్రమాదం తక్కువే, కేన్సర్ పేషెంట్లకి ఇచ్చినంత మోతాదయితే వేరు. కాబట్టి భయపడి పన్ను తీయించడం మానేయకండి, చీలిన వేరు అలా వదిలేస్తే చీము పట్టి ఇంకా ఇబ్బంది. మీ అంతట మీరు ఇంజెక్షన్ కూడా ఆపేయకండి. చివరి డోసు ఎప్పుడు వేశారో, ఎన్నేళ్ళుగా వేస్తున్నారో, ఈ మూడు నెలల షుగర్ సగటు ఎంతో కాగితం మీద రాసి, రాసిచ్చిన డాక్టరుకీ పళ్ళ డాక్టరుకీ ఇద్దరికీ చూపించండి.

పేట చిన్నోడు:
అలాగేనండీ. సోమవారం అపాయింట్‌మెంట్ వాయిదా వేయమని ఇప్పుడే ఫోన్ చేశాను. ఫైల్ మొత్తం పట్టుకుని వెళ్తాం.

లెక్కల మాస్టారు:
మంచి పని చేశారు. గోడ సగం పోయిందన్నారు కాబట్టి ఈ కేసులో నేను వాదించను. డల్లాస్ తెలుగు గారి దవడ పన్ను బిల్లు గురించి మాత్రం ఇంకా వాదిస్తా, దానికి వేరే చర్చ మొదలుపెట్టండి.