మియాటా ముందు పేనెళ్ల మధ్య సందులు: ఫ్యాక్టరీ ఇచ్చినట్టే ఉండాలా, అంతకంటే బాగా చేయించాలా?

ప్లానో రోడ్‌స్టర్ (టెక్సస్)

అందరికీ నమస్కారం. నాది 1990 మజ్డా మియాటా, ఎరుపు రంగు, 1.6 లీటర్ల ఇంజను. పోయినేడు పార్కింగ్‌లో ఎవరో రివర్స్ తీస్తూ కుడివైపు ముందు మూలను గుద్దారు. ఒక షాపులో ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) మార్పించి రంగు వేయించాను. ఇంటికి తెచ్చుకుని ఎండలో చూస్తే ప్రాణం ఉసూరుమంది. దీని హెడ్‌లైట్లు వేస్తే పైకి లేచి, ఆపితే లోపలికి దిగి మూతతో మూసుకునే రకం. కుడి హెడ్‌లైటు దించాక దాని మూత బానెట్ కంటే 2 మిల్లీమీటర్లు పైకి ఉంది. బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య సందు ముందు అద్దం దగ్గర 6 మిల్లీమీటర్లు, ముక్కు దగ్గరికి వచ్చేసరికి 3. పైగా లైటు లేచినప్పుడల్లా మూత అంచు పక్కనున్న కొత్త రంగును గీకుతోంది.

షాపులో అడిగితే, "ముప్పయ్యేళ్లు దాటిన బండి, ఫ్యాక్టరీ నుంచే ఇలా వచ్చుంటుంది" అన్నారు. ఇంకో చోట చూపిస్తే ముందు భాగమంతా విప్పి, అంచుల మీద వెల్డింగ్ పోసి అరగదీసి, చుట్టూ ఒకటే 4 మిల్లీమీటర్లు తెస్తామన్నారు. మొదటి మాట నమ్మబుద్ధి కావట్లేదు, రెండోదానికి చెయ్యి రావట్లేదు. పాత బండిని ఫ్యాక్టరీ కంటే బాగా చేయడం తప్పా? చేయాల్సి వస్తే ముందు లైటు పట్టుకోవాలా, బానెట్ పట్టుకోవాలా?

సెయింట్ లూయిస్ 74 (మిస్సోరి)

ఆ రెండో షాపుకి మాత్రం ఇవ్వకండి. నా దగ్గర 1974 కార్వెట్ ఉంది, ఇక్కడి సెయింట్ లూయిస్ ప్లాంటులోనే తయారైంది. ఫైబర్‌గ్లాస్ బాడీ. దాని వెనక బంపర్ కవరు రెండు ముక్కలు, నడిమధ్యలో నిలువుగా అతుకు. 1975 నుంచి ఒకటే ముక్క వచ్చింది, అంటే ఆ అతుకు ఒక్క 1974 బండికే ఉంది. దాన్ని చూసి "అసహ్యంగా ఉంది" అంటూ ఒకటే ముక్క కవరు తగిలించుకునేవాళ్లు చాలామంది. తగిలించిన రోజున అది 1974 బండి కాకుండా పోతుంది.

సందులూ అంతే. ఆ రోజుల్లో కార్వెట్ తలుపు పైన ఒకలా, కింద ఒకలా ఉండేది. ఫ్రేముకీ బాడీకీ మధ్య షిమ్ములు (ఎత్తు సరిచేసే పలుచని రేకు ముక్కలు) పెట్టి, ఉన్నంతలో సరిచేసి పంపేవారు. మా బండి బాడీ ఎత్తినప్పుడు బాడీని బిగించే ఒక మౌంటు పక్కన ఫ్రేము మీద క్రేయాన్‌తో రాసిన అంకె కనిపించింది, అక్కడ ఎన్ని షిమ్ములు పెట్టాలో లైన్లో ఉన్న మనిషి రాసుకున్నది. ఆ అంకె చూసి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. అంచులు పోసి సందులు సమానం చేస్తే ఆయన చేసిన పని చెరిపేసినట్టే కదా. 1974లో మొదలైన నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ ఇలాంటి బండ్లను జడ్జ్ చేస్తుంది. వాళ్లు చూసేది బండి ఎంత మెరుస్తోందని కాదు, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా ఉందా అని. అతిగా బాగుచేసినా మార్కులు పోతాయి.

ఆటోనగర్ కుర్రాడు (న్యూజెర్సీ)

అన్నా, మీ కార్వెట్ మీద ప్రేమ అర్థమైంది. కానీ ఒప్పుకోను. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లకు టింకరింగ్ చేసేవాడు. తలుపు సందు సమానంగా రాకపోతే పెయింటర్‌ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. లైన్లో ఉన్న మనిషికి నిమిషాలే ఉంటాయి. మనకి నెలలున్నాయి. ఆయన తొందరలో వదిలేసిన వంకరను మనం పూజించడమేంటి? ఇంకో రెండు నిమిషాలు దొరికితే ఆయనే సరిచేసి పంపేవాడు. ఆయన చేయాలనుకున్నది పూర్తి చేస్తే ఆయన్ని గౌరవించినట్టే.

ఇక ప్లానో అన్న అడిగిన వరస. ముందు బండిని నాలుగు చక్రాల మీద సమమైన నేల మీద నిలబెట్టాలి. జాకీ స్టాండ్ల మీద పెట్టి సందులు సరిచేస్తే అంతా వృథా. మియాటాకి గట్టి పైకప్పు లేదు, బాడీ కాస్త వంగుతుంది, కిందికి దించగానే తలుపు సందు మారిపోతుంది.

తలుపు నుంచి మొదలుపెట్టి ముందుకు రావాలి. తలుపు చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి, ఊగితే హింజ్ పిన్ను అరిగినట్టు. అది మార్చకుండా ఏం చేసినా నిలబడదు. తలుపు సరిచేసేటప్పుడు స్ట్రైకర్ (తలుపు గడియ పట్టుకునే కొక్కెం) విప్పేయాలి, లేకపోతే తలుపుని అదే పైకి ఎత్తి పట్టుకుని మనల్ని మోసం చేస్తుంది. తర్వాత తలుపుకి ఫెండర్, ఫెండర్‌కి బానెట్. ఫెండర్ బోల్టులన్నీ వేలితో తిప్పేంత బిగువులో ఉంచి, సందులో 4 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు వెనక భాగం పెట్టి జరుపుకుంటూ రావాలి. అంచులన్నిటికీ మాస్కింగ్ టేపు వేసుకోండి. బానెట్ మొదటిసారి వేసేటప్పుడు ఇద్దరుండాలి, మెల్లగా దించాలి, గబుక్కున వదలొద్దు. వెనక ఎత్తు హింజ్ దగ్గర, ముందు ఎత్తు రబ్బరు బుడిపెలు తిప్పి, ఆ తర్వాతే లాచ్ (బానెట్ గడియ).

లైటు ఆఖర్న. ఎందుకంటే దాని మూత చుట్టూ మూడు పేనెళ్లు కలుస్తాయి: బానెట్, ఫెండర్, బంపర్. ఆ మూడూ కుదరకుండా మూతని దేనికి సరిపెడతారు? మీ షాపువాళ్లు చేసింది అదే అయ్యుంటుంది. ఫెండర్ తప్పుగా కూర్చోబెట్టి, ఆ తప్పుకి తగ్గట్టు మూతని లేపారు.

గార్నెట్ 944 (నార్త్ కరోలినా)

తమ్ముడూ, వరస బాగా చెప్పావు, ఒక్కచోట తప్ప. లైటు సరిచేయడం ఆఖర్నే, కానీ చూడాల్సింది మాత్రం అందరికంటే ముందు. ఆ మూలే కదా దెబ్బ తిన్నది. హెడ్‌లైటు యూనిట్ బిగించే బ్రాకెట్ ఒక్క పిసరు వంగినా, నువ్వు తలుపు నుంచి ఎంత జాగ్రత్తగా వచ్చినా చివర్లో మూత కూర్చోదు. అప్పుడు చేతికి పని దొరికింది కదా అని బానెట్‌ని వంచడం మొదలుపెడతారు. ఎడమవైపు బ్రాకెట్ నుంచి ఏదో ఒక స్థిరమైన రంధ్రానికి టేపు పెట్టి కొలవాలి, కుడివైపు అదే కొలత రావాలి. రాకపోతే బ్రాకెట్ సరిచేశాకే మిగతా పని.

నా పోర్షె 944లో రెండు లైట్లకీ ఒకటే మోటారు, అడ్డంగా ఒక షాఫ్టు. అందులో ఒక మూత లేచి ఒకటి దిగి ఉంటే లింకో (కలిపే కడ్డీ) స్టాపో (దిగాక ఆపే బుడిపె) అని తెలిసిపోతుంది. మియాటాకి ఏ లైటు మోటారు దానిదే. అందుకే అందులో అనుమానాలు ఎక్కువ: మోటారు పూర్తిగా తిరగట్లేదా, రబ్బరు స్టాపు అరిగిందా, మూతే తప్పుగా బిగించారా, బ్రాకెట్ వంగిందా. చెయ్యి పెట్టే ముందు ఆ మోటార్ల ఫ్యూజు తీసేయండి. లైటు దానంతటదే లేస్తే వేలు పోతుంది. తర్వాత మోటారు మీద రబ్బరు టోపీ కింద చేత్తో తిప్పే నాబ్ ఉంటుంది, దాంతో మెల్లగా పైకీ కిందికీ తిప్పితే ఎక్కడ గీకుతోందో కళ్లారా కనిపిస్తుంది. కరెంటుతో లేపితే అది చూసేలోపే అయిపోతుంది.

అసలు ప్రశ్నకి వస్తే, నాకు ఇద్దరి వాదనలోనూ ఒక ఇబ్బంది కనిపిస్తోంది. "ఫ్యాక్టరీ" అని ఒకే మాట వాడుతున్నారు. 1974 సెయింట్ లూయిస్ ఫైబర్‌గ్లాసూ, మియాటా తయారైన 1990 హిరోషిమా ఉక్కూ ఒకటి కావు. కార్వెట్‌లో ముందు ఫెండర్లు అతికించినవి, బోల్టు వదులు చేసి జరపడానికి లేదు. అక్కడ తేడాయే ఆ బండి స్వభావం. మియాటా ఫెండర్ బోల్టులతో జరిగేది, కొత్తలో సమానంగానే వచ్చింది. అన్నగారు కార్వెట్‌కి చెప్పిన న్యాయాన్ని మియాటాకి వేస్తే, పోయినేడు ఒక షాపువాడు చేసిన తప్పుని 1990 నాటి చరిత్రగా మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

సెయింట్ లూయిస్ 74

మీరన్నది నిజమే అమ్మా. మియాటాలో 6కీ 3కీ తేడా హిరోషిమా పని కాదు, అక్కడ వెనక్కి తగ్గుతున్నాను. కానీ ఆటోనగర్ తమ్ముడు అన్న "ఆయన చేయాలనుకున్నది పూర్తి చేస్తున్నాం" అనే మాట మాత్రం నాకు ఎక్కదు. ఆయన ఏమనుకున్నాడో మనకెలా తెలుసు? మన చేతిలో ఉన్నది ఆయన చేసిన పని ఒక్కటే. వెల్డింగ్ పోసిన అంచు మళ్లీ వెనక్కి రాదు. బోల్టు జరపడానికీ లోహం పోయడానికీ మధ్య గీత ఉండాలి. రేపు నా తర్వాత ఈ బండి తీసుకునేవాడు, నేను చేసింది నచ్చకపోతే విప్పి వెనక్కి మార్చుకోగలగాలి.

ఆటోనగర్ కుర్రాడు

విప్పి వెనక్కి మార్చుకునేలా ఉండాలన్న మాటకి నేనూ ఓటేస్తాను. మా నాన్న కూడా ఎక్కడ వాషరుతో పని జరుగుతుందో అక్కడ సుత్తి ఎత్తేవాడు కాదు. కానీ అన్నా, ఫెండర్ కొత్తది. బయట దొరికే ఫెండర్ల అంచు ఒక్కోసారి తేడాగానే వస్తుంది, బోల్టు జరపడంతో అది పోదు. అప్పుడు అంచు సరిచేయక తప్పదు. పాత ఫెండర్‌ని ముట్టుకోవద్దంటే ఒప్పుకుంటాను, కొత్తదానికి ఏ చరిత్ర ఉందని?

ఇంకో మాట, ప్లానో అన్నకి. పుట్టీ ఎంత దట్టించారో అయస్కాంతంతో చూద్దామనుకుంటే ఫెండర్ మీద పనిచేస్తుంది గానీ బానెట్ మీద పనిచేయదు. మియాటా బానెట్ అల్యూమినియం. అంటుకోలేదని అంతా పుట్టీయే అనుకుని కంగారు పడొద్దు. ఆ బానెట్ మూలని మోకాలితో నొక్కి వంచే అలవాటు కొన్ని షాపుల్లో ఉంది, దాన్ని మాత్రం ఒప్పుకోకండి. అల్యూమినియం ఒకసారి ముడత పడితే ఉక్కులా తిరిగి రాదు.

ప్లానో రోడ్‌స్టర్

అందరికీ ధన్యవాదాలు. శనివారం పొద్దున్నే గ్యారేజీలో కూర్చున్నాను. అక్క చెప్పినట్టు ముందు కొలతలు. బ్రాకెట్ రెండువైపులా ఒకటే వచ్చింది, ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఎడమ ఫెండర్ బోల్టులు చూస్తుంటే ఒకటి గమనించాను. వాటి తలల మీద బాడీ రంగే ఉంది, తలకీ ఫెండర్‌కీ మధ్య రంగు ఎక్కడా పగల్లేదు. అంటే 1990లో బిగించాక ఎవరూ ముట్టుకోలేదు. కుడివైపు అన్నిటి మీదా స్పానర్ గాట్లు. నా ప్రశ్నకి జవాబు ఎడమవైపే ఉందన్నమాట. ఎడమ సందు అద్దం దగ్గర 4.5, మధ్యలో 4, ముక్కు దగ్గర 4. మూత బానెట్ కంటే కొద్దిగా కిందికే, అర మిల్లీమీటరు ఉంటుందేమో.

కాబట్టి చుట్టూ ఒకటే 4 అనే ఆశ వదిలేశాను. ఎడమవైపు కొలతలన్నీ అట్టముక్క మీద రాసుకుని కుడివైపు అవే తేవాలనుకున్నాను. తలుపు బాగానే ఉంది. ఫెండర్ వెనకభాగం బయటికి జరిగి ఉంది, కౌల్ (ముందు అద్దం కింది భాగం) దగ్గర బోల్టు చోట, ఫెండర్‌కీ బాడీకీ మధ్య షాపువాళ్లు ఒక వాషరు అదనంగా పెట్టారు. అది తీశాక ఫెండర్ లోపలికి వచ్చింది, ముక్కు దగ్గర సందు దానంతటదే తెరుచుకుంది. ఇంత చిన్న వాషరుకి ఇన్ని నెలలు బాధపడ్డానా అనిపించింది. సాయంత్రానికి అద్దం దగ్గర 4.5, ముక్కు దగ్గర 4. మధ్యలో ఒకచోట మాత్రం 5 ఉంది, ఎంత జరిపినా రావట్లేదు. అది ఫెండర్ అంచులోనే ఉంది.

మూత దించి, స్టాపు తిప్పి, నాబ్‌తో పదిసార్లు లేపి దించాను. గీకడం లేదు.

సెయింట్ లూయిస్ 74

ఎడమవైపుని మూలప్రతిగా తీసుకున్నారు, చాలా సంతోషం. ఆ ఎడమ బోల్టులు ఇక ఎవరినీ ముట్టుకోనివ్వకండి. 5 ఉన్నచోట అలాగే వదిలేయండి. అది కొత్త ఫెండర్ అని తెలిసేవాళ్లకి తెలియనివ్వండి.

ఆటోనగర్ కుర్రాడు

వదిలేయొద్దన్నా. రంగు ఎలాగూ గీకి పాడైంది, మళ్లీ వేయించక తప్పదు. వేయించేముందు ఆ ఒక్క అంచు, అరచెయ్యంత మేర, సరిచేయించండి. ఫెండర్ విప్పే చేయించండి, బండి మీద ఉండగా గ్రైండర్ దగ్గరికి రానివ్వొద్దు.

గార్నెట్ 944

ఈ ఒక్కటీ మీ ఇద్దరూ ఎప్పటికీ తేల్చరు, బండి ఆయనది, ఆయన్నే తేల్చుకోనిద్దాం. ప్లానో గారూ, బంపర్ ప్లాస్టిక్ అని గుర్తుంచుకోండి. మీ టెక్సస్ ఎండలో అది సాగుతుంది, మూత ముందు సందు మధ్యాహ్నం ఒకలా, తెల్లవారి ఒకలా కనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడే కొలవండి. ఇక సందుల సంగతి ఎలా ఉన్నా రాత్రి బండి తీసే ముందు దీపాల గురి చూడాలి. గోడకి 25 అడుగుల దూరంలో ఆపి, లైట్ల మధ్య బిందువుల ఎత్తు గోడ మీద టేపుతో గుర్తుపెట్టి, పైకీ కిందికీ ఒక స్క్రూ, పక్కలకి ఒకటి. మూత బానెట్‌తో కలిసినంత మాత్రాన దీపం సరిగ్గా చూస్తున్నట్టు కాదు. కుడి యూనిట్ షాపులో విప్పారు కాబట్టి గురి తప్పకుండా మారి ఉంటుంది.

ప్లానో రోడ్‌స్టర్

మీరన్నట్టే అక్కా. రాత్రి గోడ ముందు పెడితే కుడి దీపం గోడమీది గుర్తుకి ఒక జానెడు పైకి కొడుతోంది, అంటే ఇన్నాళ్లూ ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతున్నానన్నమాట. సరిచేశాను. ఫెండర్ అంచు ఇప్పటికి అలాగే ఉంచుతున్నాను, రంగు వేయించేది వచ్చే నెల కాబట్టి అప్పటిదాకా ఆలోచిస్తాను. ఆటోనగర్ తమ్ముడూ, ఫెండర్ విప్పి అంచు చేయించాలంటే మళ్లీ ఇదే సందు రావడానికి బోల్టుల స్థానం ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఆటోనగర్ కుర్రాడు

విప్పేముందు ఫెండర్ లోపలి అంచులో, బానెట్ మూస్తే కనపడనిచోట, ఫెండర్‌కీ కింది ఉక్కుకీ కలిపి రెండు చిన్న రంధ్రాలు వేయండి. 3 మిల్లీమీటర్లు చాలు. తిరిగి బిగించేటప్పుడు వాటిలో డ్రిల్ బిట్టు దూర్చి నిలబెడితే ఫెండర్ ఉన్నచోటికే వస్తుంది. తర్వాత బోల్టులు బిగించండి. రంధ్రం అంచులకి ప్రైమర్ పూయడం మర్చిపోకండి, తుప్పు అక్కణ్ణుంచే మొదలవుతుంది.

సెయింట్ లూయిస్ 74

రంధ్రం వద్దు. బోల్టు తల చుట్టూ సన్నగా గీత గీసుకుంటే చాలు.