రోల్ రాకుండానే పిల్లల్ని నదిలోకి దింపుతారట. పంపొచ్చా?

కమ్మింగ్_అమ్మ:
మా అమ్మాయికి 12 ఏళ్ళు. ఈ వేసవిలో నార్త్ కరోలినా కొండల్లో 2 వారాల వైట్‌వాటర్ కయాకింగ్ (రాళ్ళ మధ్య ఉరికే నదిలో చిన్న పడవ నడపడం) క్యాంపుకి వెళ్తానని ఒకటే గొడవ. ఈత బాగానే వచ్చు, కానీ పూల్‌లో. క్యాంపు వాళ్ళు మొదట చెరువులో పడవ తిరగబడితే బయటికి రావడం నేర్పుతారట, తర్వాత టకసీజీ నది, చివర్లో నాంటహేలా. తిరగబడ్డ పడవని అందులో కూర్చునే మళ్ళీ పైకి తిప్పుతారు చూడండి, రోల్ అని, అది వస్తే సరే, రాకపోయినా నదికి తీసుకెళ్తారట. మా ఆయన వద్దంటున్నారు. మీలో పంపినవాళ్ళు ఉంటే చెప్పండి.

గోదారి_గట్టు:
పంపకండి. రోల్ రాని పిల్లని నదిలోకి దింపడమంటే బ్రేకు వేయడం రానివాణ్ణి హైవే ఎక్కించడమే. ఇంకేం మాట్లాడక్కర్లేదు.

షార్లెట్_తెడ్డు:
రోల్ బ్రేకు కాదండీ. బండ వెనకాల నీళ్ళు నిలకడగా ఉండే చోటుని ఎడ్డీ అంటారు. అందులోకి పడవ తిప్పి ఆగడమే బ్రేకు. ముందు అది రావాలి. ఆ తర్వాత ప్రవాహానికి ఎదురు తిరిగి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి జారడం రావాలి. రోల్ అంతా నడుము విసురులో ఉంటుంది. తల ఆఖర్న పైకి రావాలి. పిల్లలు ఊపిరి కోసం తలే ముందు ఎత్తేస్తారు, దాంతో మళ్ళీ మునుగుతారు. కొందరికి ఒక పూటలో వస్తుంది, కొందరికి సీజనంతా రాదు. అది వచ్చేదాకా చెరువులోనే ఉంచితే సగం మంది విసిగి ఇంకెప్పుడూ పడవ ముట్టుకోరు. టకసీజీ లాంటి క్లాస్ 2, అంటే తేలికపాటి ఉరవడి ఉన్న నీళ్ళకి స్ప్రే స్కర్ట్ (నీళ్ళు రాకుండా నడుము చుట్టూ పడవ నోరు మూసే తొడుగు) ముందున్న లూపు లాగి బయటపడటం, వెల్లకిలా తేలుతూ కాళ్ళు ముందుకు పెట్టుకోవడం, పారే నీళ్ళు మోకాలి లోతు దాటితే లేచి నిలబడకపోవడం వస్తే చాలు.

బిర్యానీ_బాబాయ్:
ఫీజు ఎంత తల్లీ? చెస్ క్యాంపు చవక.

గోదారి_గట్టు:
నిలబడకూడదని చెప్పడం తేలికే. నీళ్ళు మింగుతున్న పిల్లకి కాళ్ళు నేలకి తగిలితే నిలబడకుండా ఉంటుందా? రాళ్ళ మధ్య పాదం ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే నీటి బలం మనిషిని బోర్లా తోసేస్తుంది. లోతు నడుము దాకా ఉన్నా ప్రాణం పోతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు, గోదావరి ఒడ్డున పెరిగినవాణ్ణి. మావాడు పోయినేడు ఇలాంటి క్యాంపుకే వెళ్ళాడు. నాంటహేలా చివర ఫాల్స్ ఉంది చూడండి, క్లాస్ 3, అక్కడ తిరగబడ్డాడు. రోల్ రాదు కాబట్టి పడవ వదిలేసి బయటికొచ్చాడు. మోకాలి చిప్ప మీద చర్మం లేచిపోయింది. ఆ నీళ్ళు పైన డ్యామ్ నుంచి వస్తాయి, జూలైలో కూడా ఫారన్‌హీట్ 50 డిగ్రీల చుట్టుపక్కలే. ఒడ్డుకి లాగేసరికి పెదాలు నీలంగా ఉన్నాయట.

వర్జీనియా_విజయ:
డ్యామ్ నీళ్ళా? బియాస్ మర్చిపోయారా అందరూ? 2014 జూన్‌లో లార్జీ డ్యామ్ నీళ్ళు వదిలితే మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది పోయారు. నేనైతే పంపను.

షార్లెట్_తెడ్డు:
విజయ గారూ, బియాస్‌లో ఆ పిల్లలు నది మధ్య బండల మీద నిలబడి ఉన్నారు, నీళ్ళు వస్తున్నాయని వాళ్ళకి తెలీదు. నాంటహేలాలో ఆ డ్యామ్ నడిపే కరెంటు కంపెనీ డ్యూక్ ఎనర్జీ ఏ రోజు, ఏ గంటకి వదులుతుందో ముందే ప్రకటిస్తుంది. ఆ నీటి కోసమే అందరూ అక్కడికి వెళ్తారు. అక్కడ చూసుకోవాల్సింది పడిపోయిన చెట్లని. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను పశ్చిమ నార్త్ కరోలినా నదుల్లో ఎన్ని చెట్లు పడేసిందో తెలుసుగా. కొమ్మల సందుల్లోంచి నీళ్ళు పోతాయి, మనిషి మాత్రం ఇరుక్కుపోతాడు. అక్కడ రోల్ వచ్చినా ఏం లాభం లేదు, దూరం నుంచే చూసి తప్పుకోవడం రావాలి.

గోదారి గారూ, మీవాడికి జరిగినదాన్ని స్విమ్ అంటారు. ఎంత పెద్ద కయాకర్‌కైనా అవుతుంది.

డులూత్_సుధ:
మా పిల్లల క్యాంపుకి ఏసీఏ గుర్తింపు ఉంది. అది చూసుకుంటే చాలదా?

షార్లెట్_తెడ్డు:
చాలదండీ, ఏసీఏలు రెండున్నాయి. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ క్యాంపు మొత్తానికి గుర్తింపు ఇస్తుంది. అమెరికన్ కనూ అసోసియేషన్ కయాక్ నేర్పేవాళ్ళకి విడిగా సర్టిఫికెట్ ఇస్తుంది. బ్రోషర్‌లో ఉండేది ఎక్కువగా మొదటిదే. మీ పిల్ల పక్కన పడవలో ఉండే కుర్రాడికి రెండోది, వైట్‌వాటర్ లెవెల్ 4, ఉందా అని అడగండి.

గోదారి_గట్టు:
ఆ కుర్రాడి వయసు కూడా అడగండి. కాలేజీ సెలవులకి వచ్చిన పిల్లలే చాలామంది. ఇంతకీ నా కొడుకు మోకాలు చీరుకుపోతే మీకది "స్విమ్".

షార్లెట్_తెడ్డు:
కోపం తెచ్చుకోకండి. మనవాళ్ళకి నీళ్ళంటే భయం, దాన్ని పిల్లల నెత్తిన రుద్దుతాం. అంతే.

గోదారి_గట్టు:
భయమా? గోదారి ఈదినవాణ్ణి నేను. మీకు పిల్లలున్నారా?

షార్లెట్_తెడ్డు:
లేరు. శనాదివారాలు మీ పిల్లలకే నేర్పుతుంటాను.

గోదారి_గట్టు:
అందుకే అలా మాట్లాడుతున్నారు. రోల్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. మావాడు తిరగబడింది బుధవారం. నాకు తెలిసింది శనివారం, తీసుకురావడానికి వెళ్ళినప్పుడు. అదీ కారెక్కాక వాడు ప్యాంటు పైకి లాగి చూపిస్తే. చేర్పించేటప్పుడు పేజీ పేజీకీ సంతకం పెట్టించుకున్నారు, ఇంటి నంబరు, ఆఫీసు నంబరు, పక్కింటి నంబరు కూడా తీసుకున్నారు. ఒక్క ఫోన్ లేదు. ఎందుకు చేయలేదని అడిగితే "ఇది మామూలే" అని నవ్వాడు ఆ డైరెక్టరు, ఇప్పుడు మీరన్నట్టే.

షార్లెట్_తెడ్డు:
రోజూ ఎవరో ఒకరు పడుతూనే ఉంటారు. పడ్డప్పుడల్లా ఫోన్ చేస్తూ కూర్చుంటే నీళ్ళలో ఉన్న మిగతావాళ్ళని ఎవరు చూస్తారు? సరే, ఆ బుధవారం మీకు ఫోన్ వచ్చిందే అనుకోండి, ఏం చేసేవారు?

గోదారి_గట్టు:
అప్పుడే బయల్దేరి వెళ్ళి తీసుకొచ్చేసేవాణ్ణి.

షార్లెట్_తెడ్డు:
అందుకే చేయరు.

గోదారి_గట్టు:
ఉంచాలో తీసుకురావాలో తేల్చుకోవాల్సింది నేనా, క్యాంపు వాళ్ళా? కన్నది నేను.

డులూత్_సుధ:
మధ్యలో వస్తున్నాను అన్నయ్యా, మీవాడు ఏమన్నాడు?

గోదారి_గట్టు:
ఈ ఏడాది కూడా వెళ్తానంటున్నాడు. అది వేరే విషయం.

బిర్యానీ_బాబాయ్:
😂

కమ్మింగ్_అమ్మ:
ఇవాళ క్యాంపుకి ఫోన్ చేశాను. నేర్పేవాళ్ళలో ఇద్దరికి లెవెల్ 4 ఉందట, ఒక్కొక్కరు నలుగురు పిల్లల్ని చూసుకుంటారట. నాంటహేలా ఫాల్స్ దగ్గర అందరూ ముందు దిగి ఒడ్డు నుంచి చూస్తారట, ఇష్టం లేనివాళ్ళు పడవ మోసుకుని నడిచి దాటొచ్చు. ఫోన్ సంగతి అడిగితే, ప్రథమ చికిత్సతో సరిపోని గాయమైతేనే చేస్తామన్నారు. మా ఆయన అక్కడే ఆగిపోయారు. "ఆ గోదారి గారు చెప్పింది కరెక్టే" అంటున్నారు. ముందే ఇక్కడ పూల్‌లో రోల్ నేర్పించి పంపిస్తే ఒప్పుకుంటారేమో అనిపిస్తోంది. రోజూ సాయంత్రం ఒక్క మెసేజ్ అయినా పెట్టమని క్యాంపు వాళ్ళని రాతపూర్వకంగా అడుగుతున్నాను.

గోదారి_గట్టు:
రోల్ నేర్పించమనే కదా నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది. ఆ మెసేజ్ ఒప్పుకున్నారో లేదో ఇక్కడ రాయండి.

షార్లెట్_తెడ్డు:
నేర్పించండి, మంచిదే. ముక్కుకి క్లిప్పు కొనండి, కళ్ళద్దాలుంటే తాడు కట్టించండి. కానీ పూల్‌లో రోల్ వచ్చిన పిల్లలకి నదిలో మొదటిసారి చాలావరకు రాదు. చల్లటి నీళ్ళు మొహానికి కొట్టగానే అన్నీ మర్చిపోతారు. అప్పుడు లూపు లాగి బయటపడాల్సిందే. ఆ మాట ముందే చెప్పి పంపండి, లేకపోతే తనకి చేతకాదేమో అనుకుంటుంది.

గోదారి_గట్టు:
నదిలో రానప్పుడు ఇక నేర్పించడం దేనికండీ?