చదివి తిప్పి పంపిన పుస్తకానికి రచయిత వాటా కోయవచ్చా?

ఒంటరికలం: ప్రచురణ రంగంలో ఏ మార్పు రావాలని, తన పుస్తకాన్ని తానే ప్రచురించుకునే స్వతంత్ర రచయితను అడిగితే, నేనైతే మొదట కోరేది ఇదే: పాఠకుడు పూర్తిగా చదివి తిప్పి పంపిన పుస్తకానికి రచయిత వాటాను కోయకూడదు. కొన్న ఏడాదిలోపు ఎప్పుడు తిరిగిచ్చినా ఆ రాయల్టీని రచయిత లెక్కలోంచి తీసివేస్తున్నారనీ, ఎన్ని తిరిగివచ్చాయో విడిగా చూపడమే లేదనీ 2020లో అమెజాన్‌కు చెందిన ఆడియో పుస్తకాల సంస్థ ఆడిబుల్ విషయంలో బయటపడింది. రచయితలు గొడవపడిన తరువాతే, 2021 జనవరి నుంచి, ఏడు రోజులు దాటాక వచ్చే రిటర్నుల భారాన్ని ఆ సంస్థ తన మీద వేసుకుంది.

మూడోముద్రణ: ఇది కొత్త బాధ కాదండీ. అమ్ముడుపోని ప్రతులను దుకాణాలు ప్రచురణకర్తకు తిప్పి పంపడం 1930ల మాంద్యం నాటి నుంచి అమెరికాలో ఉన్నదే. ఆ వెసులుబాటు లేకపోతే పేరు తెలియని రచయితను ఎవరు అరలో పెడతారు?

ఒంటరికలం: అమ్ముడుపోనిది వేరు, చదివేసినది వేరు. పది శాతం దాటి చదివిన కిండిల్ ఈ-పుస్తకాన్ని పాఠకుడు తనంతట తాను రద్దు చేసుకునే వీలు తీసివేయడానికి అమెజాన్ 2022లో ఒప్పుకున్నది అందుకే కదా.

పుటంచు: ముందుమాటలూ కృతజ్ఞతలూ కలిపి పది శాతమా? నా పుస్తకంలో అవే అంత ఉంటాయి.

మూడోముద్రణ: అరలో చోటు ఎలా వస్తుందన్న నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

ప్రూఫుపెన్సిల్: నేను పదేళ్లుగా స్వతంత్ర రచయితల పుస్తకాలకు సంపాదకత్వం చేస్తున్నాను. ఒక రచయిత నాలుగు వందల పేజీల నవలను నా చేత రెండుసార్లు దిద్దించుకుని, పుస్తకం అమ్ముడుపోలేదు గనుక మిగిలిన సొమ్ము ఇవ్వలేనన్నారు. అది రిటర్ను కాదా? నా పనిని తిప్పి పంపడానికైనా వీలు లేదే!

ఒంటరికలం: మీ బాకీకీ ఈ చర్చకూ సంబంధం ఏమిటి? ఎవరో ఒకరు ఎగవేస్తే అందరినీ నిందిస్తారా? మా చేతికి వచ్చేదే అంతంతమాత్రం.

ప్రూఫుపెన్సిల్: అంతంతమాత్రమా? 2010 నుంచి ఒక ధరల పరిధిలోని ఈ-పుస్తకాలకు కిండిల్ మీకు 70 శాతం ఇస్తోంది. పెద్ద ప్రచురణ సంస్థలు ఈ-పుస్తకాల మీద తమకు వచ్చిన నికర సొమ్ములో సాధారణంగా 25 శాతమే రచయితకు ఇస్తాయి. ఆ తేడా రచన విలువ పెరిగినందుకు రాలేదు. దిద్దుబాటు, ముఖచిత్రం, అన్నిటికీ మించి నష్టభయం, ప్రచురణకర్త మోసేవన్నీ మీ నెత్తిన పడ్డందుకు వచ్చింది. వాటా దగ్గర ప్రచురణకర్తలవుతారు, నష్టం దగ్గరికి రాగానే రచయితలైపోతారు.

మూడోముద్రణ: అరల మాట వదిలేస్తున్నాను. అసలు తగువు ఇది.

ఒంటరికలం: సరే, నేను ప్రచురణకర్తనే అనుకోండి. అయితే పుస్తకం మునిగినప్పుడు నష్టంలో మీరూ పాలు పంచుకోవాలి; ముందే మాట్లాడుకున్న సొమ్ము మొత్తం తీసుకుని ఒడ్డున కూర్చుంటే భాగస్వామ్యం ఎలా అవుతుంది?

ప్రూఫుపెన్సిల్: లాభంలో వాటా రాసివ్వండి, నష్టంలోనూ ఉంటాను. అయితే ప్రతి నెలా ఎన్ని అమ్ముడయ్యాయో, ఎన్ని తిరిగివచ్చాయో నాకు విడివిడిగా చూపించాలి. ఆడిబుల్‌ను మీరు అడిగినదీ అదే కదా.

పుటంచు: ఒంటరికలం గారు రెండు రోజులుగా కనిపించడం లేదు.