అంతర ద్రవాభిసరణ: ఈ మాట ఇంకా అవసరమా?

అనువాదకుడు:
ఒక జీవశాస్త్ర పాఠాన్ని తెలుగులోకి తెస్తుండగా ఎండాస్మాసిస్ (నీరు కణంలోకి చేరడం) అనే మాట దగ్గర ఆగిపోయాను. దీన్ని 'అంతర ద్రవాభిసరణ' అనీ, ఎక్సాస్మాసిస్‌ను (నీరు కణం నుంచి బయటికి పోవడాన్ని) 'బాహ్య ద్రవాభిసరణ' అనీ రాయడం వాడుకలో ఉంది. అయితే పాక్షిక పారగమ్య త్వచం (నీటిని పోనిచ్చి, అందులో కరిగిన పదార్థాలను ఆపే పల్చటి పొర) గుండా నీరు తక్కువ గాఢత గల ద్రావణం నుంచి ఎక్కువ గాఢత గల ద్రావణంలోకి పోవడమే ద్రవాభిసరణ అని నిర్వచించుకున్నాక, దిశ అందులోనే తెలిసిపోతోంది కదా. అటువంటప్పుడు 'అంతర' అన్న విశేషణం ఏ పని చేస్తోంది? దాన్ని తీసేసి ఒక్క 'ద్రవాభిసరణ'తోనే సరిపెడితే అర్థానికి లోటు వస్తుందా?

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు:
లోటు వస్తుందనే నా అభిప్రాయం. మీరు చెప్పిన నిర్వచనంలో ఉన్న దిశ గాఢతను బట్టి ఏర్పడింది. 'అంతర', 'బాహ్య' అన్నవి చెప్పే దిశ కణాన్ని బట్టి ఏర్పడింది. ఈ రెండూ ఒకటి కావు. మొక్క కణాన్ని మంచినీటిలో ఉంచితే నీరు లోపలికి చేరి, కణం ఉబ్బి, కణకవచం మీద ఒత్తిడి పెరిగి స్ఫీత స్థితికి వస్తుంది. అదే కణాన్ని చిక్కటి చక్కెర ద్రావణంలో ఉంచితే నీరు బయటికి పోయి, కణద్రవ్యం ముడుచుకొని కవచం నుంచి విడిపోతుంది. రెండుచోట్లా జరిగింది ద్రవాభిసరణే, కానీ కణానికి పట్టిన గతి పూర్తిగా వేరు. సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న విద్యార్థికి తాను చూస్తున్నది ఈ రెంటిలో ఏదో చెప్పడానికి ఒక్కొక్క మాట కావాలి. ఎర్ర రక్తకణాల విషయంలో ఈ తేడా ఇంకా తీవ్రంగా కనిపిస్తుంది: వాటికి కవచం లేదు కనుక స్వచ్ఛమైన నీటిలో అవి ఉబ్బి పగిలిపోతాయి, 0.9 శాతం ఉప్పు ద్రావణంలో మాత్రం యథాతథంగా ఉంటాయి.

భౌతిక రసాయనశాస్త్ర పరిశోధకుడు:
అధ్యాపకురాలి గారి ఉదాహరణలు సరైనవే, కానీ ఈ మాట పుట్టినప్పటి అర్థం అది కాదన్న సంగతి ఈ చర్చలోకి రావాలి. ఫ్రాన్సుకు చెందిన ఆన్రీ ద్యుత్రోషే 1826 ప్రాంతంలో ఎండాస్మోస్, ఎక్సాస్మోస్ అనే జంట పదాలను కల్పించినప్పుడు, అవి రెండు వేర్వేరు సందర్భాలకు పేర్లు కావు. ఒకే త్వచం గుండా ఒకే సమయంలో ఎదురెదురుగా సాగే రెండు ప్రవాహాలకు పేర్లు. వాటిలో బలమైనది ఎండాస్మోస్, బలహీనమైనది ఎక్సాస్మోస్. మొదట్లో ఆయన దీనికి విద్యుత్తును కారణంగా భావించాడు కూడా. తర్వాత 1854లో థామస్ గ్రాహం ఈ ఉపసర్గలను విడిచిపెట్టి ఆస్మోస్ అన్న పొట్టి మాటను ప్రతిపాదించాడు, ఎందుకంటే బయటికి పోతున్నట్టు కనిపించే రెండో ప్రవాహం నిజానికి లవణం విసరణ చెందడమే (ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢత వైపు వ్యాపించడమే) గనుక దానికి వేరే పేరు అక్కర్లేదని ఆయన గ్రహించాడు. దాదాపు 170 ఏళ్ల కిందట విడిచిన ఉపసర్గను మనం పాఠాల్లో ఎందుకు మోయాలి? పైగా 'లోపలికి ద్రవాభిసరణ' అంటే నీటి అణువులు లోపలికి మాత్రమే పోతున్నాయని విద్యార్థి నమ్ముతాడు. అణువులు ఎప్పుడూ రెండు వైపులా కదులుతూనే ఉంటాయి. మనం పేరు పెడుతున్నది నికర ప్రవాహానికి మాత్రమే.

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు:
చరిత్ర విషయంలో మీతో విభేదించను. పాత అర్థమూ నేటి అర్థమూ వేరన్నది నిజం, ఆ తేడాను ఒక వాక్యంలో చెప్పడం మంచిదే. అయితే ఒక మాటకు అర్థం మారిందన్న కారణంతో అది పనికిరాదని అనలేము. నికర ప్రవాహం అన్న షరతు నిర్వచనంలో చేరిస్తే మీ ఆక్షేపణ తీరిపోతుంది.

నాకు అంతకంటే ఎక్కువ ఆందోళన కలిగించేది ఈ మాటను ఎక్కడపడితే అక్కడ వాడటం. ఎండు గింజను నీళ్లలో వేస్తే ఉబ్బడాన్ని అంతర ద్రవాభిసరణ అని రాసిన జవాబులు చాలాసార్లు దిద్దాను. తొలి దశలో అక్కడ జరిగేది నిపానం. అంటే గింజలోని పిండిపదార్థం, మాంసకృత్తులు, కణకవచ పదార్థాలు నీటిని తమ ఉపరితలాలకు పట్టుకొని ఉబ్బుతాయి. దానికి పాక్షిక పారగమ్య త్వచం అక్కరలేదు. అలాగే బాగా ఆవిరి పోతున్న మొక్కలో నీటి స్తంభం దారువు (నీటిని పైకి మోసే కణజాలం) గుండా పైకి లాగబడటం కూడా ఈ పేరు కిందికి రాదు. త్వచం ఉండాలి, రెండు వైపులా నీటిశక్మంలో (నీరు కదలడానికి ఉన్న శక్తిలో) తేడా ఉండాలి, నికరంగా నీరు కణంలోకి చేరాలి: ఈ మూడూ లేనిచోట ఈ మాట వాడకూడదు.

భౌతిక రసాయనశాస్త్ర పరిశోధకుడు:
ఆ మూడు షరతులతో అయితే జీవశాస్త్ర పాఠంలో నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక మినహాయింపును అనువాదకుడు గారు గుర్తుంచుకోవాలి. అగరోజ్ జెల్‌లో (ప్రయోగశాలల్లో వాడే, సముద్రపు నాచు నుంచి తీసిన మెత్తటి జెల్లీలో) విద్యుత్ క్షేత్రం పెట్టినప్పుడు జెల్‌కు అంటుకున్న రుణావేశ సమూహాలు కదలవు. వాటికి ఎదురుగా ఉన్న ధనావేశ అయాన్లు రుణధ్రువం వైపు కదులుతూ నీటిని కూడా లాక్కుపోతాయి. దీన్ని నేటికీ ఎలక్ట్రోఎండాస్మాసిస్ అంటారు. అక్కడ కణం లేదు, లోపలా లేదు, బయటా లేదు. దాన్ని 'విద్యుత్ అంతర ద్రవాభిసరణ' అని అనువదిస్తే పూర్తిగా తప్పుదారి పట్టించినట్టే. 'విద్యుత్ ద్రవాభిసరణ' చాలు.

అనువాదకుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 'అంతర' అన్న రూపం మీద మాత్రం నాకు ఇంకా తృప్తి లేదు. 'దేశాంతరం', 'మతాంతరం' వంటి మాటల్లో అది 'వేరొక' అన్న అర్థాన్నిస్తుంది. 'అంతర్' అని మార్చినా 'అంతర్జాతీయ'లో లాగా 'మధ్య' అన్న అర్థం తోస్తుంది. అందువల్ల మొదటిసారి వచ్చినచోట 'అంతర ద్రవాభిసరణ, అంటే కణంలోకి నీటి నికర ద్రవాభిసరణ' అని విడమరిచి రాసి, ఆ తర్వాత వాడుకలో ఉన్న పేరునే కొనసాగిస్తాను. గింజల ఉదాహరణను మూలపాఠం కూడా ఈ శీర్షిక కిందే పెట్టింది. దాన్ని అక్కడి నుంచి నిపానం కిందికి మార్చేందుకు మూలరచయిత అనుమతి కోరుతూ ఈ రోజే రాస్తున్నాను.