కొండ మందుల వివరాలు పంచాయతీ రిజిస్టర్‌లో రాయించాలా, వద్దా?

మందస కుర్రోడు:
మాది మందస మండలంలో మహేంద్రగిరి వాలున ఉన్న సవర గిరిజనుల ఊరు. ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాస్తామని మొన్న ఒక బృందం వచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక కమిటీ ఉండాలి. ఊళ్లోని చెట్లు, విత్తనాలు, వాటి వాడకం గురించి తెలిసినవాళ్లను అడిగి ఆ కమిటీ రాయించాలి. చెట్ల పేర్లు చెప్పడానికి మా ఊళ్లో ఎవరూ వెనకాడలేదు. కానీ ఏ వేరు దేనికి, ఎంత మోతాదు, దేంతో కలిపి నూరతావు అని మా తాతను అడిగేసరికి ఆయన లేచి వెళ్లిపోయాడు.

తాత భయం ఊరికే వచ్చింది కాదు. నా చిన్నప్పుడు పట్నం నుంచి ఇద్దరు వచ్చి రెండు రోజులు మా ఇంట్లోనే తిన్నారు. తాతను వెంటబెట్టుకుని కొండంతా తిరిగారు, ఫొటోలు తీశారు, సంచుల నిండా వేర్లు పట్టుకెళ్లారు. ఆ తర్వాత ఒక్క కబురు లేదు. మోతాదు, కలిపే పద్ధతి రాయించకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

విజయనగరం ఫార్మసీ:
తమ్ముడూ, మీ తాతగారి బాధ అర్థమైంది. అయినా రాయించాలనే అంటాను. గాయాలకు పసుపు వాడకం మీద అమెరికాలో 1995లో పేటెంట్ ఇచ్చేశారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత సంస్కృత, ఉర్దూ గ్రంథాలు, 1953లో ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. కాగితం మీద ఉంది కాబట్టే అది సాధ్యమైంది. మీ తాత మందు మీద రేపు ఎవరైనా పేటెంట్ అడిగితే ఏం చూపిస్తారు? గిడుగు రామమూర్తి గారు కూడా సవర మాటలన్నీ రాసి పెట్టారు కదా, 1938 నాటి ఆ నిఘంటువు ఇప్పటికీ పనికొస్తోంది.

పలాస జీడితోట:
నేను ఉద్దానం మనిషిని. మా వీధిలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరుగుతున్నవాళ్లు ఎంతమందో. పక్క కొండ మీద ఏదైనా వేరు కాస్త పనిచేస్తుందేమో అనిపిస్తే దాన్ని దాచుకోవడం న్యాయమా? మందు అందరిదీ కాదా? కోపంతో అడగడం లేదు, ప్రాణం మీదికి వచ్చినవాడి ప్రశ్న ఇది.

కురుపాం కోడలు:
నేను జాతాపు గిరిజన మనిషిని. మాది గిరిజనుల కోసం ప్రత్యేకంగా ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి గ్రామసభలకు అధికారమిచ్చే 1996 పెసా చట్టం వర్తిస్తుంది. మా వైపు గూడెం మొత్తం కూర్చుని తేల్చుకోవచ్చు. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లు షెడ్యూల్‌లోనే లేవు. అక్కడ కమిటీ పంచాయతీది, పంచాయతీలో చెల్లేది కొండ కింది ఊళ్ల మాట. సవరలు నలుగురుంటే ఎవరి మాట చెల్లుతుంది? రాయాలా వద్దా అనే ముందు నిర్ణయం ఎవరిదో తేలాలి. మాకు సరిహద్దు అవతల ఒడిశాలో నియమగిరి ఉంది. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంటే పన్నెండు ఊళ్లూ బాక్సైట్ గని వద్దన్నాయి. ఊరిని అడిగితే ఊరే చెప్పుకుంటుంది.

మందస కుర్రోడు:
పలాస అన్నా, మీ ప్రశ్న నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. మా ఊళ్లోనూ ఆ జబ్బు ఉంది. తాత ఎవరికీ మందు కాదనలేదు, గుమ్మం దాకా వచ్చినవాళ్లకి ఈరోజుకీ డబ్బు తీసుకోకుండా ఇస్తాడు. దాచడం వేరు, ఎవరి చేతికి ఎలా ఇవ్వాలో మేమే చెప్పుకోవడం వేరు. మీరన్నట్టు నిజంగా పరీక్ష చేయాలంటే చేయనివ్వండి, కానీ మమ్మల్ని అడిగి చేయాలి. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో ‘జీవని’ అనే మందు తయారైంది. తయారీ హక్కు కోసం కంపెనీ కట్టిన సొమ్ములో సగం కాణిలకు ఇవ్వాలని ఒప్పందం జరిగింది. అందులోనూ గొడవలు రాకపోలేదు, అయినా ముందు ఒక మాట అనుకున్నారు. మా దగ్గర ఆ మాటే లేదు.

ఫార్మసీ అన్నా, పసుపు విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నాను. కానీ పసుపు సంగతి దేశమంతటికీ తెలిసిందే. మా వేరు సంగతి మా నాలుగు ఇళ్లకే తెలుసు, రాసిన రోజే బయటపడుతుంది. పైగా 2023 సవరణలో గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానం వాడుకునేవాళ్లకు లాభం పంచే బాధ్యత తీసేశారు. చట్టం గుర్తించిన గ్రంథాల్లో ఉన్నదానికే అది వర్తిస్తుందంటారు. రేపు మా తాత మాట ఏ గ్రంథంలోకో ఎక్కితే? గిడుగు వారి సంగతి అంటారా, ఆయన సవరలను తన ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు, ఆ భాషలోనే వాచకాలు రాసి సవర పిల్లలకు బడి పెట్టారు. తీసుకున్నది తిరిగి వాళ్ల చేతికే ఇచ్చారు.

కురుపాం అక్కా, మీరు పట్టుకున్నదే అసలు విషయం. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతమా కాదా అని చూడదు. అందులో సెక్షన్ 3(1)(కె) సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు మాకు ఇస్తోంది. ఆదివారం మా ఊరి పెద్దలతో కూర్చున్నాం. చెట్ల పేర్లు సవరలోనూ తెలుగులోనూ రాయిస్తాం. మోతాదులు వేరే నోట్‌బుక్‌లో రాసుకుంటాం, అది మా ఊళ్లోనే ఉంటుంది. ఊరంతా ఒప్పుకుంటేనే బయటివాళ్లకు చూపిస్తాం. ఈ షరతులు కాగితం మీద పెట్టి సంతకాలు చేసి పంచాయతీలో ఇస్తున్నాం.

రాయడం నేను, చెప్పడం తాత. నిన్న మూడు మందులు పూర్తయ్యాయి. నాలుగోదాని సవర పేరు నాకు పలకడం రాలేదు. తాత నాలుగుసార్లు చెప్పాడు.